సర్వర్ కలిపిన చుట్టరికం

“నా ఫైళ్ల జోలికి రాకండి” అన్నది ఆసిమ్‌తో సాజిదా మాట్లాడిన మొదటి మాట.

గవర్నర్‌పేటలోని ఒక శుభలేఖల ప్రెస్సులో ఆమె డిజైనర్. అతను 2004 వానాకాలంలో కంప్యూటర్లు చూసుకోవడానికి చేరాడు. అప్పటికే సర్వర్ నిండిపోయింది. ఒక పెళ్లి తాలూకు అంచు ఒకచోట, అక్షరాలు మరోచోట ఉన్నాయి. ఫైళ్లన్నిటికీ ‘న్యూ’, ‘ఫైనల్’ అనే పేర్లే. ఏది దేనికి సంబంధించిందో సాజిదాకే తెలుసు.

ఆసిమ్ ఒక ప్రోగ్రామ్ రాశాడు. ఎవరు ఏ ఫైళ్లను వెంటవెంటనే తెరుస్తున్నారో అది గమనిస్తుంది. తరచూ కలిసి తెరుచుకునేవాటిని ఒకే ఫోల్డర్‌లో చేరుస్తుంది.

“పక్కపక్కన కూర్చుంటే చుట్టాలైపోతారా?” అని సాజిదా అడిగింది.

“రోజూ కూర్చుంటే అవుతారండీ.”

అతను అన్నది ఫైళ్ల గురించే. ఆమె మాత్రం కాసేపు టైపు చేయడం ఆపింది.

మొదటి వారం ప్రోగ్రామ్ గుణదల తిరునాళ్ల పోస్టర్‌నీ పామర్రు రైసుమిల్లు క్యాలెండర్‌నీ ఒకచోట పెట్టింది. ఆసిమ్ తెరిచి చూస్తే సాజిదా రెండింటికీ ఒకే పూల అంచు వాడేసింది. ఓనరుకు చెప్పొద్దని సాజిదా బతిమాలింది. అతను చెప్పలేదు. ఆ రోజు నుంచి ఆమె టీ తెప్పించుకుంటే రెండు గ్లాసులు వచ్చేవి.

నెల తిరిగాక ఒక ఫోల్డర్‌లో ఆసిమ్ ఫొటో కనిపించింది. ఐడీ కార్డు కోసం స్కాన్ చేసినది. దాని పక్కన ఒక శుభలేఖ ఉంది. వధువు పేరు సాజిదా. వరుడి పేరు దగ్గర ఖాళీ.

ప్రోగ్రామ్ పొరబడిందనుకుని ఆసిమ్ రెండింటినీ విడదీశాడు. మర్నాటికి మళ్లీ కలిశాయి. మళ్లీ విడదీశాడు.

ఆదివారం సాజిదాను చూడటానికి తెనాలి నుంచి పెళ్లివాళ్లు వస్తున్నారని మెషిన్ నడిపే శౌరయ్య చెప్పాడు. ఆ మధ్యాహ్నం ఆసిమ్ క్యారియర్ మూత తీయలేదు.

సాయంత్రం ఆమె టేబుల్ దగ్గరకు వెళ్లి, ప్రోగ్రామ్ తప్పు చేస్తోందనీ, సరిచేస్తున్నాననీ చెప్పాడు.

“ఎవరు సరిచేయమన్నారండీ మిమ్మల్ని?”

ఆమె మానిటర్‌ను అతని వైపు తిప్పింది.

“నేనేమో పొద్దున్నే వచ్చి ఆ రెండూ తెరుస్తున్నా. మీరేమో విడదీస్తున్నారు. ఆదివారం అయిపోతే ఆ ఖాళీలో తెనాలి పేరు పడుద్ది. అప్పుడిక మీకు పనుండదు.”

ఆసిమ్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. శనివారం అమ్మను తీసుకుని ఇంటికి రావచ్చా అని అడిగాడు. శుక్రవారమే వస్తే ఏమవుతుందని ఆమె అడిగింది.

శుక్రవారం నమాజు తర్వాత వాళ్లు వెళ్లారు. సాజిదా తండ్రి కరిముల్లా టైలరు. ఆసిమ్‌ను జీతం అడిగాడు, ఊరు అడిగాడు. కూతురిని పిలిచి ఏమీ అడగలేదు. ఆమె కర్టెన్ వెనకే నిలబడి ఉంది. కరిముల్లా ఫోన్ దగ్గరకు వెళ్లి తెనాలి నంబరు తిప్పాడు.

ఇక్కడ రోడ్లన్నీ నీళ్లలో ఉన్నాయనీ, ఈ ఆదివారం రావద్దనీ చెప్పాడు. బయట ఎండ కాస్తోంది.

పోనీ వచ్చే ఆదివారం రమ్మంటారా అని అవతలివాళ్లు అడిగారు. కరిముల్లా ఆసిమ్ వైపు చూశాడు. తర్వాత కర్టెన్ వైపు చూశాడు.

“ఈ వాన ఇప్పట్లో తగ్గేలా లేదండీ” అన్నాడు.