గుంటలో నల్ల కవరు పేలికలు

"గుంటలో కర్రకు కట్టిన నల్ల కవరు పేలికలు ఎవరైనా తీశారా?"

నెరిస్ ఆ మాట అడగగానే హెట్టీ చేతిలోని రొట్టె ముక్క నోటి దాకా వెళ్లకుండా ఆగిపోయింది. గుంటలోని జీవాలను పరిశీలించడానికి వస్తున్న నెరిస్, బురద బూట్లు గడప బయటే విప్పి, మేజోళ్లతో వంటింట్లోకి వచ్చింది.

"వాటితో మాకేం పనండీ?" అన్నాడు నాన్న. "గాలికి కొట్టుకుపోయి ఉంటాయి. టీ పోయనా?"

తీసింది హెట్టీయే. బడిలో చెత్త ఏరే జట్టుకు ఆమె లీడరు. పొడవాటి పట్టకారు ఇంటికి కూడా తెచ్చుకుంది. నిన్న గుంటలో నల్ల చెత్త కవరు కనిపిస్తే ఊరుకుంటుందా? కర్రతో సహా లాగి, కవరును చుట్టి, చెత్తడబ్బాలో పడేసింది.

"అవెందుకు?" అని నెమ్మదిగా అడిగింది.

"న్యూట్‌ల కోసం. బల్లిలా ఉంటాయి, నీళ్లలో గుడ్లు పెడతాయి. ఒక్కో గుడ్డునూ ఒక్కో ఆకులో మడిచి దాస్తాయి. మీ గుంటలో ఆకులు తక్కువ కదా, అందుకని పేలికలు కట్టాను. న్యూట్‌లకు చట్టం రక్షణ ఉంది, అవి ఉన్నాయో లేవో చూడకుండా ఇల్లు కట్టడానికి అనుమతి ఇవ్వరు."

"ఇంతవరకూ ఒక్కటీ కనబడలేదుగా?" అన్నాడు నాన్న.

"లేదు. నేను రావడం ఇదే ఆఖరు. ఇవాళ కూడా ఏమీ దొరక్కపోతే లేవనే రాస్తాను."

నాన్న ముఖం విప్పారింది. పాత పశువులపాకను ఇల్లుగా మార్చి మేవిస్ అత్తను తెచ్చుకోవాలని ఆయన ఆశ. అత్త చక్రాల కుర్చీలో తిరుగుతుంది. ఆమె ఉండే మూడో అంతస్తుకు లిఫ్టు లేదు. కిందికి రావాలంటే ఎవరైనా మోయాలి. "చలికాలం లోపే వచ్చేస్తావక్కా" అని నాన్న ఫోనులో మాట కూడా ఇచ్చేశాడు.

హెట్టీ పెరట్లోకి వెళ్లి చెత్తడబ్బా మూత తీసింది. కవరు చుట్ట అలాగే ఉంది, ఇంకా తడిగానే. ఒక పేలిక మడతపడి జిగురుగా అతుక్కుంది. కొస కొంచెం ఎత్తి చూసింది. లోపల లేతపసుపు గింజలాంటిది, దాని చుట్టూ నీటిబొట్టులాంటి పొర.

మూత వేసేసింది. సోమవారం చెత్తబండి వచ్చి పట్టుకెళ్లిపోతుంది. ఎవరికీ తెలియదు. అత్త వచ్చేస్తుంది.

ఇంటి వైపు నడిచింది. కాని ఆ మడతే కళ్లలో మెదులుతోంది. ఆ న్యూట్ ఎంత గట్టిగా అంటించిందో. అలాంటివి ఇంకా ఎన్నో ఉన్నాయి ఆ చుట్టలో.

కాసేపటికి బకెట్టులో గుంట నీళ్లు, నీళ్లలో పేలికలు పట్టుకుని వంటింట్లోకి వచ్చింది.

"నేనే తీశాను. చెత్త అనుకున్నా."

నెరిస్ ఒక్క మడత మాత్రం విప్పి, భూతద్దంతో చూసింది. "న్యూట్ గుడ్డే. ఒకటి చూస్తే చాలు, మిగతావి ముట్టుకోను."

"అయితే ఇల్లు?" అన్నాడు నాన్న.

"కట్టొద్దనరు. ముందు వాటికి వేరే గుంట తవ్వాలి, కంచె వేయాలి. వచ్చే వసంతం దాకా ఆగాల్సిందే."

నాన్న కప్పు బల్ల మీద పెట్టాడు. "నీకా పట్టకారు ఇచ్చినవాళ్లననాలి" అన్నాడు. ఫోను వైపు చూసి, "ఇప్పుడు అక్కకేం చెప్పను?" అన్నాడు.

నెరిస్ బకెట్టు తీసుకుని గుంట వైపు వెళ్లింది.

హెట్టీ ఫోను అందుకుంది. "అత్తా, నువ్వీ చలికాలం రాలేవు. నావల్లే."

"నీవల్లా? ఏం, ఆ పాకలో నువ్వు కాపురం పెట్టావా?"

"నేను కాదు, న్యూట్‌లు. గుంటలో."

"అవి నాకంటే ముందే చోటు అడిగాయన్నమాట. సరే, అసలేం జరిగిందో చెప్పు."

హెట్టీ కుర్చీ లాక్కుని కూర్చుంది. నాన్న వింటుండగానే, పట్టకారుతో గుంట దగ్గరికి వెళ్లిన దగ్గర్నుంచి, డబ్బా మూత మళ్లీ వేసేసిన సంగతితో సహా అంతా చెప్పింది.