మనూరు కానోళ్ళ క్యాసెట్

"మీ టైపు మిషన్లు ఒక్క అరగంట ఆపుతరా?"

తలుపు దగ్గర నిలబడి అడిగిన మనిషిని షరీఫా ఎగాదిగా చూసింది. గుబురు మీసం, ఇస్త్రీ చొక్కా, జప్తుకు వచ్చిన కోర్టు అమీను లాంటి ముఖం.

"ఎందుకాపాలె?"

"కింద రికార్డింగు నడుస్తాంది. మీ టకటక అంత క్యాసెట్ల పడుతాంది."

"ఆపుతం గని, వచ్చే నెల లోయర్ పరీక్ష మా పిల్లల బదులు మీరొచ్చి రాస్తరా? మీ మీసం చూసి పాస్ చేస్తరేమో."

క్లాసంతా గొల్లుమంది. అతని ముఖంలో మాత్రం గీత కదల్లేదు. పెదవులు ఇంకా గట్టిగా బిగించి, గిరుక్కున తిరిగి మెట్లు దిగిపోయాడు.

షరీఫాకు షాక్ కొట్టినట్టయింది. పుట్టి పెరిగిన నందికొండ డ్యాం క్వార్టర్లలో ఆమె నవ్వించలేని మనిషి లేడు. తండ్రి రిటైరై కుటుంబం హుజూర్‌నగర్ వచ్చాక, ఈ టైపు ఇన్‌స్టిట్యూట్‌లో పాఠాలు చెప్పడం మొదలుపెట్టి నెల కూడా కాలేదు. అప్పుడే ఇంత పొగరుబోతు తగిలాడు.

ఆమెకు తెలియని సంగతి ఒకటుంది. ఆ పొగరుబోతు మెట్ల కింద చీకట్లో నిలబడి, అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని, కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వాడు. అక్కడ ఎవరూ లేకపోయినా ఆ చెయ్యి మాత్రం తియ్యలేదు.

పేరు తాజుద్దీన్. మర్రిగూడ దగ్గరి పల్లె. అక్కడి బావుల్లో ఫ్లోరైడు నీళ్ళు. చిన్నప్పటి నుంచి అవే తాగిన పళ్ళు ఇటుక రంగు గారలు పట్టాయి. రెండు సంబంధాలు వచ్చినప్పుడు పిల్ల తరఫు ఆడవాళ్ళు "జర నవ్వు బిడ్డా" అన్నారు. నవ్వాడు. చాయ్ తాగి వెళ్ళినవాళ్ళు మళ్ళీ రాలేదు. అప్పటి నుంచి మీసం పెంచాడు, నవ్వడం మానేశాడు, పెళ్ళి తనకు రాసిపెట్టి లేదని తేల్చుకున్నాడు. హుజూర్‌నగర్‌లో ఎవరికీ తెలియని ఈ సంగతి ఎప్పటికీ తెలియకూడదని అతని కోరిక.

బస్టాండు రోడ్డులో, ఇన్‌స్టిట్యూట్ కిందనే, అతనిది పాటల క్యాసెట్లు రికార్డు చేసి ఇచ్చే షాపు. దానికి తోడు తొంభై రెండులో ఒక విడ్డూరం మొదలుపెట్టాడు. ప్రతి వారం అంగడి నాడు, బయటి నుంచి వచ్చి ఊళ్ళో బతుకుతున్న మనిషిని ఒకరిని కూర్చోబెట్టి మాట్లాడించి, ఆ మాటల్ని క్యాసెట్ చేసి టీ హోటళ్ళకు ఇచ్చేవాడు. పేరు 'మనూరు కానోళ్ళు'. అది మోగుతున్నంతసేపూ జనం లేవకుండా రెండో చాయ్ చెబుతారు గనక హోటళ్ళవాళ్ళు ఎగబడేవారు.

ఇన్‌స్టిట్యూట్ ఎదురుగా ఉన్న సాయిలు హోటల్లో ఒకరోజు ఆ క్యాసెట్ పెట్టారు. కిటికీ దగ్గర నిలబడ్డ షరీఫాకు రైస్ మిల్లు హమాలీ మైసయ్య గొంతు వినిపించింది.

"ఎన్నేండ్లాయె నేనొచ్చి. ఇప్పటికి గూడ నన్ను దేవరకొండోడనే అంటరు. నాకు పేరు లేదా?"

దాని వెనక ఇంకో గొంతు, మెత్తగా, తొందర లేకుండా. "అన్నా, గట్ల పిలిచినప్పుడు నీకేమనిపిస్తది?"

షరీఫా నిర్ఘాంతపోయింది. ఇంత దయగా అడగగలిగిన గొంతు ఆ అమీను ముఖానిదా? సరాసరి కిందికి దిగింది.

"తాజుద్దీన్ భాయ్, గొంతు మీదేనంట. మరి ఆ ముఖం ఎవలది?"

అతను పెదవులు బిగించి, తల వంచి, చేతిలో ఉన్న క్యాసెట్ తుడిచాడు. ఎప్పుడో తుడిచేసిన క్యాసెట్ అది.

ఆ తర్వాత రికార్డింగు నాడు పైన మిషన్లు వాటంతట అవే ఆగేవి. పైకి చాయ్ వెళ్ళేది. ఒకసారి మధ్యలో వాన దంచికొట్టింది. షాపు ముందరి రేకుల మీద వాన పడుతుంటే రికార్డింగు సాగదు. పిలిచిన మనిషి ఇంకోసారి వస్తానని వెళ్ళిపోయాడు. చాయ్ గ్లాసు ఇవ్వడానికి కిందికి వచ్చిన షరీఫా మాత్రం వాన ఆగాక కూడా చాలాసేపు మాట్లాడుతూనే ఉంది. వెళ్ళేటప్పుడు "వస్త" అంది. 'భాయ్' ఎటు పోయిందో తాజుద్దీన్‌కు అర్థం కాలేదు. ఆ సాయంత్రమంతా అదే ఆలోచించాడు.

"ఒక అంగడి నాడు మీరు గూడ మాట్లాడుతరా?" అని చివరికి అడిగాడు.

"మాట్లాడుత. కని నా మాట ఒక్కటి గూడ కొయ్యొద్దు."

"నేనెవ్వరి మాట కొయ్యలె ఇప్పటిదాక."

మైకులో చప్పుడు పడుతుందని ఫ్యాను ఆపేశారు. ఇద్దరికీ చెమటలు. తాజుద్దీన్ మీట నొక్కి, మీదేవూరని అడిగాడు.

"నందికొండ అంటే అదొక ఊరా అంటరు. నిజమే. అన్ని సర్కారు క్వార్టర్లే. పండుగొస్తె అందరు ఎవలూరికి వాళ్ళు పోయేటోళ్ళు, లైనంత ఖాళీ. మేమొక్కలమే మిగిలేటోళ్ళం. మాకు పోయేటందుకు ఇంకో ఊరు లేదు. అబ్బా రిటైరయిండు, ఇల్లు అప్పజెప్పినం. మొన్న పోతె, నేను పుట్టిన ఇంట్లకెళ్ళి ఎవరో ఆమె వచ్చి, ఎవరు గావాలె అన్నది."

తాజుద్దీన్ ఆగి, నెమ్మదిగా అడిగాడు. "ఇక్కడ, హుజూర్‌నగర్‌ల, మిమ్మల్ని పరాయిగ చూసినోళ్ళు ఎవరు?"

"మీరే."

టేపు తిరుగుతూనే ఉంది.

"ఊరంత నా మాటకు నవ్వుతది. మీరొక్కలే నన్ను చూడంగనె మూతి బిగవడతరు. నేను మీ ఎదురుంగ కూసున్నప్పుడల్లా, లేచి పో అన్నట్టే ఉంటది. ఇగ చాలు, ఆపుండ్రి."

అతను ఆపాడు.

"కోసెయ్యమంటరా?" అన్నాడు.

"మాటిచ్చిన్రు," అని షరీఫా మెట్లెక్కి వెళ్ళిపోయింది.

మాట తప్పే రకం కాదు తాజుద్దీన్. మర్నాటికి హుజూర్‌నగర్ టీ హోటళ్ళన్నిటికీ ఆ సంగతి తెలిసిపోయింది. క్యాసెట్ నడిపేవాడినే క్యాసెట్లో కడిగేసిన పిల్లను ఊరు ఇదివరకు చూడలేదు. గ్లాసులు పట్టుకున్నవాళ్ళు పట్టుకున్నట్టే ఉండిపోయారు.

"ఏం తాజు భాయ్, గా పిల్ల ముంగట జర నవ్వితె నీ సొమ్మేం పోతది?" అని సాయిలు నిలదీశాడు.

పాటలు రికార్డు చేయించుకోవడానికి వచ్చిన ప్రతివాడూ అదే మాట. తాజుద్దీన్‌కు నిద్ర పట్టలేదు. నవ్వకపోతే ఆమె మనసు ఇలాగే నొచ్చుకుని ఉంటుంది. నవ్వితే ఆమె కూడా చాయ్ తాగి వెళ్ళిపోతుంది. ప్రేమ ఇంత ఇరకాటంలో పెడుతుందని పాటల్లో ఎక్కడా చెప్పరు.

తరువాతి అంగడి నాడు షరీఫా వచ్చి అతని కుర్చీలో కూర్చుంది. "ఇయ్యాల నేనడుగుత, మీరు చెప్పుండ్రి," అని మీట తనే నొక్కేసింది. "మీదేవూరు?"

మర్రిగూడ పేరు అతని నోట రావడానికి చాలాసేపు పట్టింది.

"మా నీళ్ళు మంచిగుండయి. మా నాయిన నడుము వంగిపోయింది. నా పండ్లు..." మీసం సవరించుకున్నాడు. "నవ్వితె జనం చూసేది నన్ను గాదు, గవే. అందుకే నవ్వను. మీరు పరాయోళ్ళని గాదు. మీ మాటకు నేను మెట్ల కింద నిలవడి నవ్వుకున్న. మీకంటె దగ్గరోళ్ళు నాకు ఈ ఊర్ల ఎవ్వరు లేరు. మీరు గూడ చూసి పోతరని భయం."

"చూపియ్యుండ్రి."

అతను తల ఎత్తి, నోరు తెరిచి చూపించాడు. షరీఫా రెప్ప వెయ్యకుండా చూసింది. ఆమె ముఖం ఎర్రబడింది.

"ఇంతేనా?"

"ఏంది?"

"గింతేనా అంటున్న. మీకు పెండ్లయిందేమో, ఊర్ల పెండ్లాము పిల్లలున్నరేమో, నేనంటె అసహ్యమేమో అని దినాం ఏడుస్తున్న నేను. పండ్లా? పండ్ల కోసం నన్ను ఇన్ని దినాలు ఏడిపిస్తరా?"

తాజుద్దీన్ నోరు తెరిచింది తెరిచినట్టే ఉంది. మూయాలన్న సంగతి కూడా మరిచిపోయాడు.

"నాకు మీరు గావాలె," అంది షరీఫా. అనేశాక టేపు వైపు చూసి, తను కూడా కొయ్యబారిపోయింది. "ఇది... ఇది గూడ కొయ్యరా?"

"మీరు చెప్తె కోస్త."

ఆమె చెమట తుడుచుకుంది. "వద్దు," అంది.

ఆ క్యాసెట్‌ను సాయిలు హోటల్లో చాయ్ తాగుతూ విన్నవాళ్ళలో అబ్దుల్ ఖాదర్ ఒకడు. షరీఫా తండ్రి. గ్లాసు పక్కన పెట్టి, ఎవరితోనూ మాట్లాడకుండా రోడ్డు దాటి షాపులోకి వచ్చాడు. తాజుద్దీన్ లేచి నిలబడ్డాడు.

"మాఫ్ చెయ్యుండ్రి చాచా. తప్పు నాది."

"నౌకరంత కాల్వ గేట్ల కాడ్నే చేసిన," అన్నాడు అబ్దుల్ ఖాదర్. "గేటు ఎత్తిన ప్రతిసారి, దునియాకంత నీళ్ళిస్తున్నట్టు ఛాతి ఇరుసుకోని నిలవడేది. మా డ్యాంకు ఇంత దగ్గర్ల, బాయి నీళ్ళు తాగి నోరు మూసుకోని బతికే పిల్లలున్నరని నేను ఎన్నడు అడగలె. ఇయ్యాల ఇన్న."

"మీరేం చేస్తరు చాచా. నీళ్ళు ఎత్తుకెక్కవు."

పెద్దాయన కండువాతో ముఖం తుడుచుకున్నాడు. "శుక్రవారం మా ఆడోళ్ళు వస్తరు. మీ అమ్మను పిలిపించుకో. నువ్వు గాని మూతి బిగవట్టుకోని కూసున్నవా, నా బిడ్డనియ్య."

తాజుద్దీన్ తిట్లకు సిద్ధపడ్డాడు గాని ఈ మాటకు సిద్ధపడలేదు. ఆయన రోడ్డు దాటి వెళ్ళిపోయాక కూడా నిలబడే ఉన్నాడు.

శుక్రవారం అతని కిరాయి గదికి షరీఫా తల్లి లాడ్లీ బేగం, ఇద్దరు మేనత్తలు వచ్చారు. ఆనవాయితీ ప్రకారం రాకూడని షరీఫా కూడా వాళ్ళ వెనకే వచ్చి చాప మీద కూర్చుంది. మేనత్తలు బుగ్గలు నొక్కుకున్నారు. పల్లె నుంచి వచ్చిన తాజుద్దీన్ తల్లి అజ్మత్ బీ, కొడుకు పళ్ళ సంగతి ఎప్పుడు వస్తుందోనని బిక్కుబిక్కుమంటూ మాట మార్చింది.

"వంట వస్తదా బిడ్డా?"

"వస్తది ఖాలా. టైపు కొట్టినంత జల్ది చేస్త. తప్పులు గూడ గట్లనే వస్తయి."

తాజుద్దీన్ ఆపుకోవాలని చూశాడు. పెదవులు బిగించాడు, పైకప్పు చూశాడు, ఊపిరి బిగబట్టాడు. కుదరలేదు. నవ్వు బద్దలైంది. ఏళ్ళ తరబడి దాచిపెట్టిన నవ్వంతా ఒక్కసారే బయటికొచ్చినట్టు, గది అదిరిపోయేలా, ఆగకుండా నవ్వాడు. మేనత్తలు ఉలిక్కిపడ్డారు. రోడ్డు మీద పోయేవాళ్ళు ఆగి కిటికీలోంచి చూశారు. పళ్ళన్నీ కనిపించాయి.

అతని చెయ్యి అలవాటుగా నోటి దాకా లేచింది. షరీఫా అతనికేసి చూసి, వద్దన్నట్టు తల ఊపింది. చెయ్యి మెల్లగా మోకాలి మీదికి దిగింది.

అజ్మత్ బీ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. కొడుకు నవ్వు ఇలా ఉంటుందని ఆమె మరిచిపోయింది.

లాడ్లీ బేగం తేరుకోవడానికి కాస్త సమయం పట్టింది. తరువాత కూతురి వైపు తిరిగింది.

"పండ్ల సంగతి క్యాసెట్ల ముందే ఇన్నం. గీ నవ్వు సంగతి మాకు ఎవ్వరు చెప్పలె. దినాం ఇనేది నువ్వు. ఇప్పుడే ఆలోచించుకో."

"ఆలోచించుకునే వచ్చిన అమ్మీ," అంది షరీఫా. "నవ్వించింది గూడ నేనే కద."