పసుపు దారం కొలత

మిరపకాయ ఏరే కూలీలు ఆరింటికే వాకిట్లోకి వచ్చి కూర్చున్నారు. సత్తమ్మ వాళ్లకు చాయ్ పోస్తూనే మధ్యమధ్యలో ఇంట్లోకి కేకలు వేస్తోంది. అసలైతే ఆ రోజు భార్యాభర్తలిద్దరూ జనగామ పోవాలి. కొడుకు నరేందర్ నిశ్చితార్థం ఇంకా వారమే ఉంది. పిల్లకు పెట్టే ఉంగరం కొనాలి. కానీ నాలుగు రోజులు ఇల్లిల్లూ తిరిగి బతిమాలితే దొరికిన కూలీలను వదిలేసి ఆమె ఎటు కదులుతుంది?

“ఏమయ్యా, బీరువల స్టీలు డబ్బ ఉన్నది. అండ్ల కాయితం పొట్లంల దారం పెట్టిన. నీరజ వేలి కొలత. పైలం, యాడన్న పారేసేవు.”

“ఊఁ.”

“ఊఁ అంటే ఇన్నట్టా, ఇననట్టా?”

“ఇన్న.”

“సూసిండ్రా! మా ఇంటాయన నోట్లకెల్లి మాట గుంజాలంటే జోడెడ్లు కావాలె” అంది సత్తమ్మ. కూలీలు నవ్వారు. సోమనర్సయ్య నవ్వలేదు. తువ్వాల భుజాన వేసుకుని లోపలికి పోయాడు.

మునుపు ఆయన ఇంత మూగ మనిషేం కాదు. రఘునాథపల్లి సంతకు పోతే ఊరి కబుర్లన్నీ మోసుకొచ్చేవాడు. నాలుగేళ్ల కింద, డిగ్రీ అయిపోయి పెళ్లి కుదిరిన కూతురు డెంగీ జ్వరంతో ఐదు రోజుల్లోనే పోయింది. పెద్దకర్మ అయిన మర్నాడు ఆయన గోడ మీది ఫొటో దింపి అటక మీద పెట్టాడు. బట్టలన్నీ మూటగట్టి ఎవరికో ఇచ్చేశాడు. ఫొటో తగిలించిన మేకు కూడా పీకేసి, ఆ కంతలో సున్నం కూరాడు. “ఇగ ఈ ఇంట్ల ఆ పేరు తియ్యొద్దు” అన్నాడు. తర్వాత ఎవరూ తీయలేదు. సత్తమ్మ కళ్లలో నీళ్లు తిరిగితే చాలు, “ఊకో” అని చెప్పులు తొడుక్కుని చేను దారి పట్టేవాడు. అట్లా చేస్తేనే ఆమె మరిచిపోతుందని, తేరుకుంటుందని ఆయన నమ్మకం.

బీరువాలో స్టీలు డబ్బా తీశాడు. అందులో రెండు కాగితం పొట్లాలున్నాయి. పైనున్నది విప్పి చూశాడు. పసుపు రాసిన దారం, వేలి చుట్టుకొలత దగ్గర ముడి వేసి ఉంది. అడుగున ఉన్న పొట్లం విప్పలేదు. ఆడవాళ్ల డబ్బాలో ఏవేవో ఉంటాయి, మనకెందుకులే అనుకున్నాడు. చేతికందిన పొట్లం జేబులో పెట్టుకుని బస్సెక్కాడు.

నరేందర్ భూపాలపల్లిలో కరెంటు ప్లాంటులో పని చేస్తాడు. పొద్దున్నే బయలుదేరి వచ్చి జనగామ బస్టాండులో తండ్రి కోసం నిలబడి ఉన్నాడు. ఇద్దరూ కలిసి నగల దుకాణానికి పోయారు.

“బాపు, వజ్రం ఉంగరమే తీసుకుందాం. నీరజతోటి పని చేసే నర్సులందరికి గవే పెట్టిండ్రట.”

“బంగారమైతే ఏమైతది? మీ అమ్మకు నేను వెండిది పెట్టిన.”

“గందుకే గదా, అమ్మ ఇప్పటికి దెప్పుతది.”

సోమనర్సయ్య మీసాల కింద చిన్న కదలిక కనిపించింది. దుకాణం కుర్రవాడు ఎర్రటి మఖ్‌మల్ మీద ఉంగరాలు పరిచాడు. ఏడు రాళ్లు పువ్వులా కూర్చిన ఉంగరం ఒకటి నరేందర్ చేతిలో పెట్టాడు. సోమనర్సయ్య దాన్ని అడిగి తీసుకుని, విత్తనాలు చూసినట్టు అరచేతిలో వేసుకుని, వెలుతురుకు తిప్పి తిప్పి చూశాడు.

“మంచిగున్నది” అన్నాడు చివరికి.

దుకాణం కుర్రవాడు దారపు ముడిని కొలత కడ్డీకి తొడిగాడు. అది కడ్డీ కొసలోనే ఆగిపోయింది.

“చాలా సన్న వేలు సార్. ఇది రాళ్ల పని, తర్వాత సాగదీయడానికి రాదు. అమ్మాయిని ఒకసారి తీసుకొస్తే మంచిది.”

“నిశ్చితార్థం కాకముందే పిల్లను దుకాణాల పొంటి తిప్పుతరా? మా దిక్కు గట్ల లేదు.”

“ఒక ఫోన్ కొట్టి అడుగుత బాపు” అని నరేందర్ జేబులో చెయ్యి పెట్టాడు.

“మీ అమ్మ తీసిన కొలత ఉండంగ ఫోనెందుకు? పూలుపండ్లు పెట్టి మాట ఖాయం చేసుకున్ననాడు పిల్ల చెయ్యి పట్టుకోని తీసింది. నువ్వెన్నడన్న పట్టుకుంటివా?”

నరేందర్ సిగ్గుపడి జేబులోంచి చెయ్యి తీశాడు. అదే కొలతకు ఉంగరం తీసుకున్నారు.

నిశ్చితార్థం కేసముద్రంలో, పిల్ల ఇంటికి దగ్గరి ఫంక్షన్ హాల్లో జరిగింది. నీరజ తండ్రి కరుణాకర్ మార్కెట్ యార్డులో చిన్న వ్యాపారి. అటు లారీలు, ట్రాక్టర్ల మోత, ఇటు హాల్లో సన్నాయి. పట్టుచీరలో నీరజ తల వంచుకుని కూర్చుంది. బాపనయ్య చెప్పగానే నరేందర్ ఆమె చెయ్యి పట్టుకుని ఉంగరం తొడగబోయాడు.

ఉంగరం వేలి నడుమ కణుపు దగ్గర ఆగిపోయింది.

మెల్లగా నెట్టాడు. కదల్లేదు. నీరజ పళ్లబిగువున ఓర్చుకుంది.

“కొబ్బరినూనె తెండ్రి!” ఎవరో అన్నారు.

“నూనెతోని కాదు, సబ్బు పెట్టాలె!” ఇంకెవరో అన్నారు. హాలంతా నవ్వు.

నీరజ నాయనమ్మ దుర్గమ్మ మాత్రం నవ్వలేదు. కర్ర పట్టుకుని లేచి ముందుకు వచ్చింది.

“ఏమమ్మా సత్తమ్మా, మా పిల్ల వేలు కొలిచిండ్రా, అగ్గిపుల్లను కొలిచిండ్రా? లగ్గం కాకముందే మా పిల్ల బక్కగావాలెనని చెప్తున్నరా ఏంది?”

“అవ్వా, ఊకో జర” అని కరుణాకర్ తల్లిని ఆపబోయాడు. అప్పటికే అందరూ ఆ మాటలు విన్నారు. సోమనర్సయ్య ముఖం నల్లబడింది. మాట్లాడని మనిషి మాట్లాడితే ఎట్లా ఉంటుందో అందరూ చూశారు.

“నలుగుట్ల ఇజ్జత్ తీసినవ్” అన్నాడు భార్యతో. “ఓ దారం కొలత సక్కగ తియ్యరాలే నీకు. గింత పని చాతగానిదానివి ఎందుకు తీసినవ్?”

సత్తమ్మ ముందుకొచ్చి కొడుకు చేతిలోంచి ఉంగరం తీసుకుంది. దాన్ని తన చూపుడు వేలి కొసకు పెట్టి చూసింది. అంతే, ఆమె ముఖంలో రక్తం లేనట్టయింది. ఉంగరాన్ని గుప్పిట్లో బిగించి, ఆ గుప్పిటను కొంగులో దాచుకుంది. హాల్లో అందరూ ఉంగరం గురించే మాట్లాడుతున్నారు. నీరజ మాత్రం అత్తగారి ముఖం వైపే చూస్తోంది.

ముహూర్తం దాటిపోతుందని దుర్గమ్మే తన వేలి బంగారు ఉంగరం తీసి ఇచ్చింది. “ముసలిదాని ఉంగరం, నల్లవడ్డది. అయినా ఏలికైతే పడుతది” అంది. నరేందర్ అది తొడిగాడు. డప్పులు మోగాయి. భోజనాల దగ్గర సత్తమ్మ ఆకు ముందు కూర్చుంది గానీ మెతుకు ముట్టలేదు.

మర్నాడు తెల్లవారగానే నరేందర్ డ్యూటీకి పోయాడు. పోతూ, “బాపు, ఈ వారంల మార్పియ్యి. దుకాణపోళ్లతోటి నేను మాట్లాడిన, వేరేది ఇస్తరట” అన్నాడు. సోమనర్సయ్య స్నానం చేసి, తెల్లచొక్కా తొడుక్కుని వచ్చి వాకిట్లో నిలబడ్డాడు. సత్తమ్మ వాకిలి ఊడుస్తోంది.

“నిన్న నువ్వు తీస్కున్న దారం ఇయ్యి. గది చూపెట్టి అడుగుత.”

ఆమె చీపురు పక్కన పెట్టి లోపలికి పోయింది. స్టీలు డబ్బా తెచ్చి అరుగు మీద పెట్టింది. అడుగునున్న పొట్లం విప్పి ఒక దారం తీసింది. నిన్న ఆయన దగ్గర తీసుకున్న దారాన్ని దాని పక్కన పెట్టింది. రెండూ పసుపు దారాలే. ఒక చుట్టు పెద్దది, ఒక చుట్టు చిన్నది.

“గీ పెద్దది నీరజది” అంది. “పూలుపండ్లనాడు నేనే తీసిన. సక్కగనే తీసిన.”

“మరి నేను తీస్కపోయింది?”

ఆమె చిన్న దారాన్ని కొనవేలితో సవరించింది.

“ఎవరిదంటే చెప్పవేంది?”

“పేరు తియ్యొద్దన్నవు గదా!” అంది సత్తమ్మ.

సోమనర్సయ్య అరుగు అంచు పట్టుకున్నాడు.

“అప్పట్ల పిల్లగాని తరఫోళ్లు ఉంగరానికి కొలత పంపుమన్నరు. చిక్కుడుకాయ ఒలుస్తుంటె నేనే పట్టుకోని తీసిన. ‘అమ్మా, గిలిగింతలైతున్నయి’ అని చెయ్యి గుంజుకునేది. పసుపు రాసి పొట్లం కట్టిపెట్టిన. పొద్దున పంపుదామనుకున్న. ఆ రాత్రే జరం. తెల్లారి దవాఖానకు ఎత్తుకపోయినం. కొలత గిక్కడనే ఉండిపోయింది.”

“నాకు చెప్పలేదు.”

“ఎట్ల చెప్త? ఫొటో దింపినవ్, బట్టలిచ్చినవ్, గోడకు మేకు గూడ ఉంచలేదు. గీ ఒక్క దారం నీకు కనబడలే. నువ్వు చేనుకు పోంగనే తీసి చూసుకునేదాన్ని. రోజు తీస్తనని గదే పైనుండె. నీరజది అడుగునుండె. ఈ వారం మాత్రం పనుల్ల పడి డబ్బ తియ్యనే లేదు.” ఆమె గొంతు పెరిగింది. “నువ్వు పేరు తియ్యనియ్యవు, ఏడువనియ్యవు. నేను మర్చిపోయిననుకున్నవా? నీకు కనబడకుంట ఏడుసుడు నేర్సుకున్న, గంతే. నిన్న ఎవరెవరో నవ్విండ్రు, పడ్డ. దుర్గమ్మ తిట్టింది, పడ్డ. నువ్వు చాతగానిదానివన్నవు, పడ్డ. గాని నా బిడ్డ కొలత తప్పంటె మాత్రం పడ. నా బిడ్డ వేలు గట్లనే ఉండె. ఏడు రాళ్లేసి నా బిడ్డకు ఉంగరం కొన్నది నువ్వే.”

సోమనర్సయ్య చూపు అలవాటుగా వాకిట్లో ఉన్న చెప్పుల మీదికి పోయింది.

అప్పుడే అరుగు మీది ఫోన్ మోగింది. నీరజ. సత్తమ్మ కొంగుతో ముఖం తుడుచుకుని తీసింది.

“అత్తమ్మా, తిన్నరా? నిన్న మీరేం తినలేదు. ఏమనుకోకుండ్రి. నిన్న ఆ ఉంగరం చూసి మీ ముఖం ఒక్కసారే మారిపోయింది. రాత్రంతా గదే యాదికొచ్చింది. అది ఎవరి కొలత అత్తమ్మా?”

సత్తమ్మ ఫోన్ భర్తకు అందించింది. ఇచ్చేసి పక్కకు తిరగలేదు. ఆయన ముఖంలోకే చూస్తూ నిలబడింది.

సోమనర్సయ్య ఫోన్ చెవికి పెట్టుకున్నాడు. అటువైపు నుంచి “అత్తమ్మా? ఉన్నరా?” అని రెండుసార్లు వినబడింది.

“నేను బిడ్డా, మామయ్యను” అన్నాడు. “అది మా బిడ్డది. నరేందర్ చెల్లె. తప్పు మీ అత్తమ్మది కాదు, నాది. చూడకుంట తీస్కపోయిన.” సత్తమ్మ వైపు చూశాడు. “రిషిత. మా బిడ్డ పేరు రిషిత.”

నాలుగేళ్ల తర్వాత ఆ పేరు ఆ ఇంట్లో వినబడింది. సత్తమ్మ స్తంభాన్ని పట్టుకుని అట్లే కిందికి జారి కూర్చుంది.

అటువైపు ముక్కు ఎగబీల్చిన చప్పుడు. తర్వాత నీరజ అంది: “ఉంగరం మార్పియ్యకుండ్రి మామయ్యా.”

“మీ నాయనమ్మ ఏమంటదో బిడ్డా. పోయిన పిల్ల కొలత అంటె...”

“అవ్వకు నేను చెప్త. ముందుగాల తిడుతది. తర్వాత కూసోని ఏడుస్తది. అవ్వ సంగతి నాకు ఎరుకే. నాకు చిటికెనేలుకు పడుతది. గట్లనే పెట్టుకుంట. ఫొటో ఉంటె పంపుండ్రి, చూస్త.”

“ఉన్నది” అన్నాడు సోమనర్సయ్య. “అటక మీదున్నది. దించుత.”

ఫోన్ కింద పెట్టాడు. వాకిట్లో చెప్పులు అట్లాగే ఉన్నాయి. ఆయన వాటి వైపు పోలేదు. వచ్చి భార్య పక్కన నేల మీద కూర్చున్నాడు. తెల్లచొక్కాకు మట్టి అంటుతున్నా చూసుకోలేదు. అరుగు మీది చిన్న దారాన్ని తీసి తన చిటికెన వేలికి పెట్టుకున్నాడు. అది గోరు దాటి కిందికి దిగలేదు.

“గంత సన్నగుండెనా?” అన్నాడు.

“నీకు యాదికి లేదా?”

“ఉన్నది. పత్తి ఏరితె రెక్క చెదరకుంట తీసేది. కాయ ముల్లు మనందరి చేతులకు గుచ్చుకునేది గాని దానికి గుచ్చుకోకపోయేది. చూడు బాపు, నా చేతులు, అని ఆడించేది. నేనేమో, గట్ల చూపెట్టుకుంట కూసుంటె చేను ఎప్పుడొడుస్తది అని కసిరేది.” దారం ముడిని బొటనవేలితో తడిమాడు. “కసిరేది సత్తమ్మా.”

సత్తమ్మ ఆయన భుజం మీద తల పెట్టింది. నాలుగేళ్లుగా కొంగు కుక్కుకుని అణచుకున్న ఏడుపు ఒక్కసారిగా బయటపడింది. వీధిలో పోయేవాళ్లు వాకిలి ముందు ఆగి చూసినా ఆమె ఆపుకోలేదు.

సోమనర్సయ్య దారం గుప్పిట్లో పట్టుకుని అట్లే కూర్చున్నాడు. ఈసారి ఊకో అనలేదు.