సాయిలక్ష్మి ఈగల పెట్టె

పెట్టె పోయింది.

మంగళగిరిలో చలమయ్య ఇంట్లో, మగ్గం పక్కనున్న అలమరలో ఉండాల్సిన పెట్టె. తాళం పగల్లేదు. తలుపు విరగలేదు. ఉదయం ఎనిమిదింటికల్లా చలమయ్య స్టేషన్‌కొచ్చి, ఎస్సై శ్రీరమ్య ఎదుట బెంచీ మీద కూలబడ్డాడు.

“పెట్టెలో ఏముంది బాబాయ్?”

“ఈగలమ్మా.”

కానిస్టేబుల్ బుల్లయ్య కిసుక్కున నవ్వాడు. శ్రీరమ్య ఒక్క చూపు చూసింది. నవ్వు మీసాల దగ్గరే ఆగిపోయింది.

నిజం ఈగలు కావవి. గాలపు ముల్లుకి కోడి ఈకలు, పట్టుదారం చుట్టి అచ్చం ఈగలా కడతారు. వానపాముతో పనిలేదు. ఈగే అనుకుని చేప ఎగిరి పట్టుకుంటుంది. చలమయ్య కూతురు సాయిలక్ష్మి ఆ విద్య ఫోన్లో చూసి నేర్చుకుంది. చీరల్లో మిగిలిన పట్టు కొసలు, అద్దకం తొట్టి అడుగున మిగిలిన రంగు, ఆ పిల్ల చేతిలో పడ్డాక ఏదీ వృథా పోయేది కాదు. నెమలికంఠం రంగు కుదిరేదాకా ఒకే ఈకని పసుప్పచ్చలో ఒకసారి, నీలంలో ఒకసారి ముంచి, ఆరబెట్టి, మళ్ళీ ముంచేది. కాన్సరొచ్చి మంచాన పడ్డాక కూడా ఒళ్ళో పళ్ళెం పెట్టుకుని కడుతూనే ఉంది. మొన్న శ్రావణంలో పోయింది. నిండా పాతికేళ్ళు లేవు.

“ఆఖరు పెట్టె తల్లీ అది. దొరక్కపోతే పైకెళ్ళాక నా బిడ్డకి ఏ మొహం చూపించను?”

ముందు దొరికినవాడు బుడే. సందు చివర చికెన్ షాపు అతనిదే.

“నిన్న వాళ్ళింటికెళ్ళావా?”

“గుమ్మం దాకే మేడమ్. సాయిలక్ష్మి వాళ్ళమ్మ రాట్నం ముందు కూర్చుని ఏడుస్తుంటే లోపలికేం వెళ్తాను?”

“ఈకలిచ్చేది నువ్వేగా?”

“నేనే. తెల్లపుంజు వచ్చిన రోజు మొదటి ఫోను ఆ పిల్లకే కొట్టేవాణ్ణి.” అంటూనే మొహం పక్కకి తిప్పుకున్నాడు.

తరవాత ప్రకాష్. బ్రాడీపేటలో గాలాల షాపు. సాయిలక్ష్మి ఈగల్ని కృష్ణలో గాలమేసేవాళ్ళకి అమ్మేది అతనే. చలమయ్య ఇస్తానన్న ఆ పెట్టె కోసమే పొద్దున్నే గుంటూరు నుంచి స్కూటర్ మీద వచ్చాడు.

“ముందే వచ్చి ఎత్తుకెళ్ళలేదని నమ్మకమేంటి?”

“ఇవాళ నా చేతికి రావాల్సింది నిన్న దొంగిలిస్తానా మేడమ్?”

“సాయిలక్ష్మి ఈగల్లో అంత గొప్పేముంది?”

“ఈగ నడుం. నల్లగా, సన్నగా ఉండేది. నీళ్ళలో పడితే మెరిసేది. దేంతో చుట్టావమ్మా అంటే నవ్వేసేది.”

పదకొండింటికి చలమయ్య ఇంట్లో సోదా. బుడేనీ, ప్రకాష్‌నీ కూడా రమ్మన్నారు. బుల్లయ్య మగ్గం గుంటలోకి దిగి గుడ్డమూట ఒకటి పైకి తెచ్చాడు. అందులో పెట్టె. పెట్టెలో సగం ఈగలు. మిగతా సగం ఉత్త ముళ్ళు. విడిగా ఈకలు. పక్కనే దారం చుట్టిన కండె ఒకటి.

“దొరికాడు మేడమ్! కిటుకు నేర్చుకోడానికి ఒక్కోటీ విప్పి చూశాడు, ఈ కోడిగాడే!”

“కోడిగాడేంటి సార్, నాకు పేరుంది!” అన్నాడు బుడే.

శ్రీరమ్య వాళ్ళ మాటలు వినడంలేదు. కండె తిప్పి చూస్తోంది. అందర్నీ మగ్గం దగ్గరికి పిలిచింది. చలమయ్య భార్య వెంకటేశ్వరమ్మ స్తంభానికి ఆనుకుని నిలబడింది.

“దొంగయితే దారం కత్తిరిస్తాడు. పీకి పారేస్తాడు. ఇది చూడండి. జానెడు జానెడు ముక్కల్ని ముడేసి, వరసగా కండెకి చుట్టారు. బుడేకి ఇది రాదు. ప్రకాష్ గారికీ రాదు. బాబాయ్, మీరెప్పుడైనా కండె చుట్టారా?”

“అది ఆడాళ్ళ పని కదమ్...” చలమయ్య ఠక్కున భార్య వైపు తిరిగాడు.

“దారం ముక్క కూడా పారేయలేని చెయ్యి ఇది. ఈకలున్నాయి, దారముంది. నల్లటి నడుం ఒక్కటే లేదు. అదేంటి పిన్నీ?”

వెంకటేశ్వరమ్మ గోడ గూట్లోంచి రవికగుడ్డలో చుట్టిన ఉండ తీసింది. వెంట్రుకలు.

“మందులెక్కించాక గుప్పెళ్ళు గుప్పెళ్ళుగా ఊడింది. ఊడిందల్లా ఈ గూట్లోనే దాచేదాన్ని. ఓ రోజు చూస్తే లేదు. జుట్టు కొనేవాడికి ఇచ్చేశానంది. నమ్మాను. మొన్న అలమర సర్దుతుంటే ముల్లు గుచ్చుకుంది. చూద్దును కదా, ఈగల నడుమంతా నా పిల్ల జడ! నేను నూనె రాసి అల్లిన జడ! చేపల నోట్లో వెయ్యమంటారా?”

“నాకు తెలుసే,” అన్నాడు చలమయ్య.

ఆమె తలెత్తింది.

“దాచొద్దు నాన్నా, కృష్ణలో పడాలి, చేపలు ఎగిరి పట్టాలి అని నా చేత మాట తీసుకుంది.”

“నాకెందుకు చెప్పలేదు?”

“నువ్వు ఒప్పుకోవని.”

“ఒప్పుకునేదాన్ని కాదు.” వెంకటేశ్వరమ్మ నేల మీద కూర్చుండిపోయింది. “సగం విప్పేశాను. పోయేముందు బిడ్డ అడిగింది కూడా సగం చెడగొట్టాను.”

దొరికిన సొత్తు ఫిర్యాదీ చేతికివ్వాలి. శ్రీరమ్య పెట్టె చలమయ్యకిచ్చింది. ఆయన దాన్ని భార్య ఒళ్ళో పెట్టాడు. ఆవిడ మూత వేసి, ప్రకాష్ వైపు జరిపింది.

“తీసుకో నాయనా.”

“వద్దు పిన్నిగారూ.”

“పిల్ల మాట. తీసుకెళ్ళు.”

అతను గడప దాటుతుంటే పిలిచింది. “ఒక్కటిస్తావా?”

ప్రకాష్ వెనక్కొచ్చి, పెట్టె తెరిచి ముందు పెట్టాడు. ఆవిడ నెమలికంఠం రంగువి ముట్టుకోలేదు. వెతికి వెతికి ఓ వంకర ఈగని తీసింది. ఈక పక్కకి ఒరిగింది, నడుం వదులైంది.

“చేతులు వణుకుతున్నప్పుడు కట్టిందిది,” అంది. “దీన్ని చేపలు పట్టవులే.”