ఇరవై ఆరో స్వరం

"తిరిగిందోయ్! డిస్క్ తిరిగింది!"

ఈయన ఫోన్ చేసినప్పుడు నేను ఒక పెద్దాయన కళ్లజోడుకి కొత్త అద్దం బిగిస్తున్నాను. కళ్లద్దాల షాపులో నా పని అదే. పెళ్లయి ఇరవై రెండు రోజులు. రోజుకి ఆరుసార్లు ఫోన్ చేస్తారు ఈయన. "తిన్నావా", "అక్కడ వాన పడుతోందా", "ఊరికే". అవీ కారణాలు. "ఊరికే" అన్నప్పుడల్లా నా చేతిలో స్క్రూ జారుతుంది. ఇవాళ్టి ఫోన్ అలాంటిది కాదు.

"అన్నయ్య ఫైళ్లు కనబడుతున్నాయా?"

"వరసగా ఉన్నాయి. నలభై ఒకటి. అమ్మ, వాన, చెల్లి... అన్నీ పాటల పేర్లే. నువ్వు త్వరగా రా."

స్క్రూ ఎటో దొర్లిపోయింది. పెద్దాయన నవ్వుతూ, "శుభవార్తా అమ్మా?" అన్నారు. అవునండీ అన్నాను. అంటుంటే కళ్లమ్మట నీళ్లు కారుతున్నాయి.

అన్నయ్య పోయి పద్నాలుగు నెలలు. గుండెపోటు. ముప్పై ఒక్క ఏళ్లకి ఆ మాట వినాల్సి వస్తుందని ఎవరనుకుంటారు? ఆ తర్వాత అమ్మ వాడి గది తలుపు తీయనివ్వలేదు. మొన్న ఆదివారం ఈయనే నెమ్మదిగా అడిగారు. "అత్తయ్యా, బావగారి గది ఒకసారి చూడొచ్చా? నేను ఆయన్ని చూడలేదు కదా, గదైనా చూస్తాను." అమ్మ తాళంచెవి తెచ్చి బల్లమీద పెట్టింది.

గదిలో ఆ ముసలి కంప్యూటర్. నల్లటి తెర, తెల్లటి అక్షరాలు. మౌస్ లేదు, బొమ్మలు లేవు, ప్రతిదీ టైపు చేసి అడగాలి. అన్నయ్య దానికోసం సొంతంగా ఒక ప్రోగ్రాం రాసుకుని పాటలు కట్టేవాడు. ఒక్కో స్వరానికి ఒక్కో నంబరు, ఒకటి నుంచి అరవై దాకా. వినిపించే స్పీకరు పెట్టె ఎప్పుడో కాలిపోయింది. అలాంటిది ఇప్పుడు ఎక్కడా దొరకదు.

అన్నయ్యకి బాబాయి పెట్టిన పేరు "సగం". చదువు మూడో ఏడాదిలో ఆపేశాడు. నాలుగు ఉద్యోగాలు మానేశాడు. వంటింటి తలుపుకి రంగు వేస్తూ నడుమ దాకా వచ్చి వదిలేశాడు. "మా సగం ఏం చేస్తున్నాడమ్మా?" అని బాబాయి అడిగితే చుట్టాలందరూ నవ్వేవారు. నేనూ నవ్వేదాన్ని. వాడితో ఆఖరిసారి ఫోన్లో పోట్లాడినప్పుడు, "నీ బతుకులో ఒక్క పనైనా చివరిదాకా చేశావా అన్నయ్యా?" అన్నాను. "చేస్తాలేవే," అని నవ్వాడు. తర్వాతి వారం వాడు లేడు.

నేను అమ్మ వాళ్లింటికి చేరేసరికి సగం తడిశాను. ఈయన గుమ్మంలోనే తువ్వాలుతో నిలబడి ఉన్నారు. తల తుడుస్తానని పట్టుకుని జడంతా చిక్కు చేసి పెట్టారు.

"తుడుస్తున్నారా, యుద్ధం చేస్తున్నారా?"

"మొదటి ఉద్యోగం. అనుభవం లేదు," అన్నారు.

గదిలోంచి డిస్క్ మూలుగు వినిపిస్తోంది. "ఎక్కువ రోజులు బతకదు. ఆపితే మళ్లీ తిరుగుతుందని చెప్పలేను," అన్నారు ఈయన, మొహంలో నవ్వు తగ్గించి. ఫ్లాపీ పెట్టే చోటు తుప్పు పట్టింది. డిస్క్ విప్పి తీద్దామంటే ఆ కుదుపుకే పోవచ్చు. మిగిలింది ఒక్కటే దారి. వెనక ఉన్న తొమ్మిది పిన్నుల సీరియల్ పోర్టు. ఈయన ఫ్యాక్టరీల్లో తూకం యంత్రాలు బాగుచేస్తారు. అవి ఇప్పటికీ ఆ పోర్టుల్లోంచే మాట్లాడతాయట.

తన సంచీలోంచి కేబుల్ తీసి రెంటినీ కలిపారు. ఇటు లాప్‌టాప్, అటు అన్నయ్య కంప్యూటర్. పంపమని టైపు చేశారు. ఏమీ రాలేదు. మళ్లీ చేశారు. ఊహూ.

"ఛ! ఇది తూకం యంత్రాల కేబుల్. రెండు కంప్యూటర్లూ ఒకే తీగ మీద మాట్లాడుతున్నాయి. వినే తీగ మీద ఎవరూ లేరు."

"మొదటిసారి కలిసినప్పుడు మనలాగా అన్నమాట."

"మనమిద్దరం మాట్లాడలేదుగా?"

"మీరు గంటసేపు తూకం యంత్రాల గురించి చెప్పారు, నేను కళ్లద్దాల గురించి."

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. నాకు ఆ చెవులంటే ఎంతిష్టమో! కేబుల్ కొస విప్పి, రెండో తీగనీ మూడో తీగనీ అటుదిటు చేసి అతికించారు. ఈసారి వచ్చింది, కానీ పిచ్చి గుర్తులు. వేగం ఎక్కువైందన్నారు. తగ్గించారు. లాప్‌టాప్ తెర మీద నంబర్లు ఒక్కొక్కటే వచ్చి నిలబడ్డాయి.

"చెల్లి" పాట. నా పాట.

ఆ నంబర్లకి శబ్దం ఇచ్చే చిన్న ప్రోగ్రాం ఈయన పొద్దున్నే రాసిపెట్టారు. మీట నొక్కారు. అన్నయ్య మాట్లాడినట్టే ఉంది. ఎగతాళి చేస్తున్నట్టు రెండు గెంతులు, ఒక విరుపు, మళ్లీ రెండు గెంతులు. పైకి ఎక్కుతోంది, ఎక్కుతోంది...

ఆగిపోయింది. పంతొమ్మిది సెకన్లు.

"వాన" పెట్టారు. అదీ మధ్యలోనే తెగింది. "అమ్మ" తొమ్మిది సెకన్లు కూడా లేదు. ప్రోగ్రాం ప్రతి పాటకీ ఒకే కొలత చోటు కేటాయిస్తుంది కాబట్టి ఫైలు సైజు చూసి తెలుసుకునే వీలూ లేదు. మిగతా చోటంతా రాయక ఖాళీగా ఉందని అనుకున్నాం.

గుమ్మం దగ్గర అమ్మ ఎప్పుడొచ్చి నిలబడిందో తెలియదు.

"వాడంతే," అంది. "నా పేరు పెట్టిందైనా పూర్తి చెయ్యలేదు చూడు." గొంతులో కోపం లేదు. అదే భరించలేకపోయాను. పైట కొంగుతో కంప్యూటర్ మీద దుమ్ము తుడిచి వెళ్లిపోయింది.

"ఇక చాలండీ. ఆపేయండి."

"ఎందుకు ఆపడం? ఏదో తప్పుంది."

"తప్పేం లేదు. వాడు మధ్యలో వదిలేశాడు. అన్నీ వదిలేసినట్టే."

"మూడు పాటలూనా?"

"నలభై ఒకటీ! మీకు మా అన్నయ్య తెలియదు!"

అరిచేశాను. పెళ్లయ్యాక అరవడం అదే మొదలు. ఆయన నొచ్చుకోలేదు. వేళ్లు కీబోర్డు మీద ఉంచి అలాగే చూశారు.

"నిజమే, తెలియదు. అందుకేనేమో, ఆయన వదిలేశాడని నాకు నమ్మబుద్ధి కావట్లేదు."

వంటింట్లోకి వెళ్లాను. అమ్మ టీ పెడుతూ, పొంగిన టీని చూస్తూ నిలబడింది. నేనే స్టవ్ ఆపాను. బయట వాన సన్నబడింది.

"ఇలా రా!" గదిలోంచి కేక.

వెళ్లేసరికి కాగితం మీద వరసగా నంబర్లు రాసుకుని కూర్చున్నారు. "బావగారు ఇరవై అయిదు వాడారు. ఇరవై ఏడు వాడారు. ఇక్కడ, ఇక్కడ, ఇక్కడ. మూడు పాటల్లో ఎక్కడైనా ఇరవై ఆరు కనిపిస్తే చూపించు."

వెతికాను. లేదు.

"పాటలు కట్టేవాడు ఒక్క స్వరాన్ని పట్టుకుని వెలివేస్తాడా? ఆయన వెయ్యలేదు. ఈ కంప్యూటర్ వేసింది. ఈ పాత సిస్టం ఫైలుని పోర్టులోకి పంపేటప్పుడు అది ఉత్తరం అనుకుంటుంది. ఉత్తరాల లెక్కలో ఇరవై ఆరో నంబరు అంటే 'ఇక అయిపోయింది' అని గుర్తు. ప్రతి పాటలోనూ ఆ స్వరం మొదటిసారి రాగానే, అయిపోయిందనుకుని అక్కడికి ఆపేసింది. మా యంత్రాలు ఉత్తరాల్లాంటివే పంపుతాయి కాబట్టి నాకెప్పుడూ ఈ చిక్కు రాలేదు. ముందే తట్టాల్సింది."

"అంటే... మిగతాది?"

"ఉంది. లోపలే ఉంది."

ఆజ్ఞ చివర ఒక గీత, ఒక బి చేర్చారు. ఉన్నదున్నట్టు పంపమని దానర్థమట. అంతే. అంత చిన్నది.

నంబర్లు రావడం మొదలైంది. ఇందాక ఆగిన చోటు దాటింది. ఇరవై ఆరు వచ్చింది. దాని వెనక ఇంకోటి, ఇంకోటి. నేను ఈయన చొక్కా చేతిని గట్టిగా పట్టుకున్నాను.

"మీరు వాడిని ఒక్కసారి చూసుంటే బాగుండేదండీ."

"చూస్తున్నాగా," అన్నారు, తెర మీంచి కళ్లు తిప్పకుండా.

తాళి కట్టినప్పుడు సంతోషించాను, నిజమే. కానీ ఈ మనిషిని ప్రేమించడం మాత్రం ఆ ఒక్క మాట దగ్గర మొదలైంది.

"అమ్మా!" పిలిచాను. రాదనుకున్నాను. వచ్చి మంచం అంచున కూర్చుంది.

ముందు "అమ్మ" పెట్టారు. తొమ్మిది సెకన్లు దాటింది. పైకెక్కిన ఆ స్వరం దగ్గర ఒక్క క్షణం ఆగి, మెల్లగా దిగడం మొదలుపెట్టింది. ఎంత ఓపికగా దిగిందో! ఎక్కడా తొందర లేదు. మూడు నిమిషాల నలభై సెకన్లు. మొదలైన స్వరం దగ్గరికే వచ్చి, అలసిపోయిన మనిషి కూర్చున్నట్టు ముగిసింది.

అమ్మ తెర వైపు వంగింది. తర్వాత, "అయిపోయిందా బాబూ?" అని అడిగింది.

"అయిపోయిందండీ. పూర్తిగా."

"పూర్తిగా," అంది అమ్మ. అప్పుడు ఏడ్చింది. పద్నాలుగు నెలల్లో నేను చూడని ఏడుపు. నేను వెళ్లి తన ఒళ్లో తల పెట్టుకున్నాను. "వాడిని అనరాని మాట అన్నానమ్మా," అన్నాను. "నేనూ అన్నానే," అంది. ఈయన కిటికీ వైపు తిరిగి, లేని వానని చూస్తూ నిలబడ్డారు.

నలభై ఒకటీ పూర్తిగా లాప్‌టాప్‌లోకి చేరేసరికి సాయంత్రం వెలుగు ఇంకా పోలేదు. అమ్మ లేచి మొహం కడుక్కుని వచ్చింది. ఫోన్ తీసి బాబాయికి కలిపింది.

"ఏమయ్యా, రేపు పదకొండు గంటలకి మా ఇంటికి రా. అందరినీ తీసుకురా. అప్పుడు నవ్వినవాళ్లందరినీ." ఒక్క క్షణం ఆగి, అటు ఏదో విని, మళ్లీ అంది.

"నలభై ఒక్క పాటలయ్యా. మధ్యలో లేచి వెళ్లడాలు లేవు. చివరిదాకా కూర్చోవాలి."