పేజీలో లేని మాట

లీలాకుమారి ఇంట్లో కుక్కర్ కూయదు. కూస్తే కొడుకు బాబీ చెవులు మూసుకుని బాత్రూంలో దూరి గంటసేపు బయటికి రాడు. అందుకే పదేళ్ళుగా ఆ ఇంట్లో అన్నం గిన్నెలోనే వారుస్తారు. చట్నీ ముందు రోజు సాయంత్రమే, వాడు డాబా మీద ఉన్నప్పుడు రుబ్బేస్తారు. మిక్సీ శబ్దానికి పడే బాధ ఫిల్మ్ నగర్‌లో ఏ ఇంట్లోనైనా ఉంటుందా అని మొదట్లో విసుక్కునేది గానీ, ఇప్పుడు లీలకి అదే అలవాటైపోయింది.

ఆ రోజు పొద్దున ఆమెకి కాళ్ళు నేల మీద నిలవడం లేదు. పది గంటలకి బాబీకి డబ్బింగు! పెద్ద సినిమా. హీరో తమ్ముడి పాత్రకి గొంతు. పదహారేళ్ళ కుర్రాడికి అంతకన్నా ఏం కావాలి?

బాబీ బల్ల దగ్గరికొచ్చాడు. ఎప్పటిలాగే మూడు ఇడ్లీలు, చట్నీ వేరే గిన్నెలో. రెండూ తగలకూడదు. వాడు కూర్చోలేదు. తండ్రి కుర్చీ ఎదురుగా నిలబడి, చేతులు కట్టుకుని, సన్నటి పిల్లగొంతుతో అన్నాడు.

"మాస్టారూ, ఈ పూటకి సెలవిప్పించండి."

శ్రీకృష్ణ ఫోన్ లోంచి తలెత్తి, కళ్ళురిమి, గొంతు బొంగురు చేసి గర్జించాడు. "సెలవూ లేదు, గిలవూ లేదు! కూర్చోరా వెధవా!"

లీల పకపకా నవ్వింది. "మీ గొంతు ఇంకా అలాగే ఉందండీ! బాబీ, నువ్వు 'ఈ పూటకి' దగ్గర చిన్న ఊపిరి తీసుకోవాలి నాన్నా, అప్పుడు ఇంకా జాలిగా వస్తుంది."

బాబీ కూర్చున్నాడు. ఇడ్లీ ముట్టుకోలేదు.

ఆ డైలాగుకి ఓ కథ ఉంది. లీలాకుమారి పాతికేళ్ళుగా సినిమాల్లో మగపిల్లలకి గొంతిస్తోంది. తెర మీద ఏ బుడ్డోడు ఏడ్చినా, అల్లరి చేసినా, సగం సార్లు ఆ గొంతు ఆవిడదే. బాబీకి మూడేళ్ళప్పుడు ఓ పల్లెటూరి సినిమాకి చేసింది. బడి ఎగ్గొట్టాలనుకునే పిల్లాడి గొంతు ఆవిడది, వాడి మాస్టారి గొంతు శ్రీకృష్ణది. చూసుకునేవాళ్ళు లేక పిల్లాణ్ణి స్టూడియోకే తీసుకెళ్ళేవాళ్ళు. సౌండ్ ఇంజనీరు బాలనర్సయ్య ఒళ్ళో కూర్చుని, అద్దం అవతల అమ్మ ఒకే మాట ముప్పైసార్లు చెబుతుంటే, వాడు అలాగే వింటూ ఉండేవాడు.

నాలుగో ఏట డాక్టర్లు ఆటిజం అన్నారు. మాట రాకపోవచ్చు అన్నారు. ఐదో ఏట ఒక పొద్దున్న వాడు నోరు తెరిచి, "మాస్టారూ, ఈ పూటకి సెలవిప్పించండి" అన్నాడు. అచ్చం లీల గొంతు! ఇంటిల్లిపాదీ ఏడ్చేశారు. శ్రీకృష్ణ వీధంతా లడ్డూలు పంచాడు. ఆ తర్వాత వాడు మాట్లాడినవన్నీ అలాంటి డైలాగులే. బంధువులొస్తే చాలు, "బాబీ, ఆ డైలాగు చెప్పరా" అని అడగడం, వాడు చెప్పడం, అందరూ చప్పట్లు. మా వాడికి అమ్మ విద్య వచ్చిందని ఈ దంపతుల మురిపెం. కాకి పిల్ల కాకికి ముద్దని ఊరికే అన్నారా?

"నాన్నా, వాడు సెలవు అడుగుతున్నాడు" అంది మనోజ్ఞ. బాబీ అక్క, పంతొమ్మిదేళ్ళ పిల్ల. డిగ్రీ చదువుతూ, ప్రతి శనివారం తమ్ముణ్ణి మధురానగర్‌లో స్పీచ్ థెరపీకి తీసుకెళ్ళేది అదే.

"సెలవేంటే? అది డైలాగు. పదకొండేళ్ళుగా వింటున్నాం."

"ఎప్పుడెప్పుడు వింటున్నారో గమనించారా? పన్ను పీకించడానికి తీసుకెళ్ళిన రోజు అన్నాడు. బాబాయి కూతురి పెళ్ళికి బయల్దేరిన రోజు అన్నాడు. ఇప్పుడు మూడు రోజులుగా, మీరు డబ్బింగు అన్నప్పటి నుంచీ అంటున్నాడు. ఇష్టం లేదు వాడికి."

శ్రీకృష్ణ ప్లేటు పక్కకి నెట్టాడు. "ఇష్టం లేకపోతే చెబుతాడు కదా!"

"అదే కదా చెబుతున్నాడు! వాడికి సొంతంగా మాట పేర్చుకోవడం కష్టం నాన్నా. విన్న మాటల్లోంచి తనకి సరిపోయేది ఏరుకుంటాడు. ఆ మాట ఎక్కడిదో కనుక్కుంటే ఏమంటున్నాడో తెలుస్తుందని థెరపీ టీచరమ్మ ఎన్నిసార్లు చెప్పింది? మీరు ఒక్కసారైనా వచ్చి విన్నారా?"

లీలకి ఒళ్ళు మండింది. శుభమా అని బయల్దేరుతుంటే ఈ అపశకునాలేమిటి? "నోరు ముయ్యి! వాడు పైకొస్తుంటే నీకు కడుపుమంటగా ఉందా?"

అనేసింది. మనోజ్ఞ మొహం తెల్లబోయింది. తమ్ముడి నీలం టోపీ, మెత్తటి తువ్వాలు సంచిలో పెట్టుకుని, "నేనూ వస్తాను" అని మాత్రం అంది.

కారులో శ్రీకృష్ణ భార్యకి మాత్రమే వినపడేట్టు అన్నాడు. "దానికేం తెలుసు లీలా. రేపు మనం పోతే వీణ్ణెవరు చూస్తారు? తెర మీద వాడి పేరు పడాలి. వాడికీ ఓ పని ఉందని నలుగురికీ తెలియాలి. నా భయం నాది."

ఆ భయం లీలదీ. అందుకే ఆవిడ వెనక్కి తిరిగి కొడుకు మొహం చూడలేదు.

జూబ్లీహిల్స్‌లో ఓ బంగళా కింద, నేలమాళిగలో ఉంది స్టూడియో. బాలనర్సయ్య తల నెరిసిపోయింది గానీ కుర్చీ మారలేదు. బాబీని చూడగానే, "ఏంరా బిడ్డా, గింత పెద్దగైనవా! నా ఒళ్లె కూసుంటుంటివి గదరా" అని మురిసిపోయాడు. కుర్ర డైరెక్టరు చెయ్యి చాచాడు. బాబీ ఆ చెయ్యి వంక చూసి పక్కకి తప్పుకున్నాడు.

వాణ్ణి గాజు అద్దం అవతల గదిలో నిలబెట్టారు. చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టారు. తెర కనపడాలని లైట్లు తగ్గించారు. దళసరి తలుపు మూసుకుంది. వాడి ముందున్న పేజీలో ఒకే డైలాగు. "అన్నయ్యా, నువ్వు రాకపోతే నేను తినను."

మొదటిసారి చెప్పాడు. అచ్చంగా పెదవి కదలికకి సరిపోయింది. "సూపర్!" అన్నాడు డైరెక్టరు. "ఇంకొంచెం ఫీల్ కావాలి. మళ్ళీ."

ప్రతిసారీ డైలాగుకి ముందు హెడ్‌ఫోన్లో మూడు బీప్‌లు మోగుతాయి. ఒక్కో బీప్‌కీ బాబీ భుజాలు ఎగిరిపడుతున్నాయి. నాలుగోసారి, ఐదోసారి, ఏడోసారి. వాడి వేళ్ళు చొక్కా అంచుని మెలితిప్పడం మొదలుపెట్టాయి.

"నాన్నా, చాలు" అంది మనోజ్ఞ.

"ఇంకొక్కటేనే! వచ్చేస్తోంది."

లీల కూడా చూస్తూనే ఉంది. చూస్తూనే, పంటి బిగువున కూర్చుంది. ఇంకొక్కటి, దేవుడా, ఇంకొక్కటి. తొమ్మిదోసారి వాడు హెడ్‌ఫోన్ తీయబోతే, అసిస్టెంటు కుర్రాడు లోపలికెళ్ళి మళ్ళీ సరిగ్గా పెట్టి వచ్చాడు. తలుపు మళ్ళీ మూసుకుంది.

పదకొండోసారి మూడు బీప్‌లు మోగాయి. బాబీ పేజీ చూడలేదు. తెర చూడలేదు. తలుపు వైపు తిరిగి అరిచాడు.

"అమ్మా! నేనిక్కడున్నానే! తలుపు తియ్యవే అమ్మా!"

ఇవతల గదిలో డైరెక్టరు కుర్చీలోంచి లేచాడు. "అబ్బ! ఇది పేజీలో లేదే! ఏం ఫీల్ సార్ అది! రికార్డయిందా?" అంటూ చప్పట్లు కొట్టాడు. శ్రీకృష్ణ కళ్ళలో నీళ్ళు తిరిగాయి, గర్వంతో. ఆయనా కొట్టాడు. లీల కూడా కొట్టింది. ఆ ఊపిరి ఎంత బాగా పట్టాడు, ఆ చివరి 'అమ్మా' ఎంత బాగా విరిచాడు, ఎవరు నేర్పగలరు అలా?

బాలనర్సయ్య ఒక్కడే కొట్టలేదు. మెల్లగా తన హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టాడు.

"లీలమ్మా, గిది ఆ బడి ఎగ్గొట్టే పోరని సినిమాల, గోదాము సీనుల మాట గదా? ఆ పోరడు బియ్యం గోదాముల ఇరుక్కుంటడు. నువ్వే చెప్పినవ్."

"అవును నర్సయ్యగారూ! అచ్చం..."

"అచ్చం గాదమ్మా. నలభై ఏండ్లసంది గీ కుర్సీల కూసొని ఏడుపులే వింటున్న. గిది యాక్టింగ్ గాదు. జర పోయి తలుపు తియ్యుండ్రి."

లీల చేతులు గాలిలోనే ఆగిపోయాయి.

తలుపు తియ్యవే అమ్మా. ఆ మాట తను చెప్పిందే. పదమూడేళ్ళ కిందట ఇదే గదిలో నిలబడి, కాఫీ తాగి, గొంతు సవరించుకుని మరీ చెప్పింది. వాడు దాన్ని దాచుకున్నాడు. ఇవాళ అవసరం పడి బయటికి తీశాడు. తన బిడ్డ చీకట్లో ఇరుక్కుని అమ్మా అని పిలిస్తే, అద్దం ఇవతల కూర్చుని తను చప్పట్లు కొట్టింది! వీడికి మాట రాదే అని ఎన్ని గుళ్ళు తిరిగింది, ఎన్ని ముడుపులు కట్టింది! పిల్లాణ్ణి చంకలో పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది తన బతుకు.

ఎలా లేచిందో, ఎలా పరిగెత్తిందో తెలియదు. తలుపు లాగింది. బాబీ మైకు కింద ముడుచుకుని, మోకాళ్ళలో తల పెట్టుకుని ఊగుతున్నాడు. గట్టిగా వాటేసుకోవాలనిపించింది. కానీ అలా ఉన్నప్పుడు వాడికి ఒంటి మీద చెయ్యి పడితే నిప్పు పడ్డట్టుంటుంది. ఆ సంగతి మటుకు తెలుసు. రెండడుగుల దూరంలో నేల మీద చతికిలబడింది. ఆ సినిమాలో తల్లి చెప్పే జవాబు గుర్తు తెచ్చుకుంది. అది ఇంకెవరో చెప్పిన డైలాగు. ఇన్నేళ్ళలో ఆవిడ నోట ఒక్కసారీ రాలేదు.

"వచ్చేశాన్రా నాన్నా. తలుపు తీసేశాను. చూడు, ఎంత వెలుతురో."

ఊగడం తగ్గింది. మళ్ళీ చెప్పింది. మళ్ళీ. మనోజ్ఞ వెనకనించి వచ్చి, మెత్తటి తువ్వాలు తమ్ముడికి అందేంత దూరంలో పెట్టి వెళ్ళింది. కాసేపటికి వాడు దాన్ని లాక్కుని మొహానికి అద్దుకున్నాడు. లేచి, తల్లి పక్కగా మెట్లెక్కి వసారాలోకి నడిచాడు.

అక్కడ శ్రీకృష్ణ హడావుడిగా ఎదురొచ్చాడు. "అరగంట రెస్ట్ ఇద్దాం లీలా. డైరెక్టరు ఫిదా అయిపోయాడు! ఆ మాట కోసం సీనే మారుస్తానంటున్నాడు."

"మీరు విన్నారా, వాడన్నది?"

"వినకపోవడమేంటి? అద్భుతం!"

"అద్భుతం కాదండీ" అంది లీల. "వాడు నన్ను పిలిచాడు. నేను చప్పట్లు కొట్టాను. మీరూ కొట్టారు. పదకొండేళ్ళుగా వాడు మాట్లాడుతుంటే మనం చప్పట్లు కొడుతూనే ఉన్నాం. పొద్దున సెలవడిగాడు. మీరేమన్నారు? నేను ఊపిరి ఎక్కడ తీసుకోవాలో నేర్పాను!"

శ్రీకృష్ణ మెట్టు మీద కూలబడ్డాడు. "మనం ఉండగానే వాడికో దారి చూపిద్దామనే కదా..." అంటూ మొహం చేతుల్లో దాచుకున్నాడు.

"చూపిద్దాం. ముందు వాడేమంటున్నాడో విందాం." లీల కూతురి వైపు తిరిగింది. "మనూ, పొద్దున నిన్ను పాపిష్టి మాట అన్నానే. కడుపుమంట నీకు కాదే తల్లీ. వాడి మాట నీకు తెలిసి నాకు తెలియలేదని, ఆ మంట నాదే."

మనోజ్ఞ తల్లి కొంగు పట్టుకుని బావురుమంది.

అసిస్టెంటు కుర్రాడు తలుపులోంచి తొంగిచూశాడు. "సార్, రెడీనా? డైరెక్టరుగారు అడుగుతున్నారు."

ఆ మాట వినగానే బాబీ తండ్రి ముందుకొచ్చి నిలబడ్డాడు. చేతులు కట్టుకున్నాడు. గొంతు బొంగురుపోయింది గానీ మాట మాత్రం అదే.

"మాస్టారూ, ఈ పూటకి సెలవిప్పించండి."

శ్రీకృష్ణ తలెత్తాడు. ఈ మాటకి పదకొండేళ్ళుగా తనిచ్చిన జవాబు ఒక్కటే. సినిమాలో ఉన్నదీ అదే. కొడుకు అప్పుడే భుజాలు ముడుచుకుని, ఆ గర్జన కోసం కాచుకుని ఉన్నాడు. శ్రీకృష్ణ కళ్ళు తుడుచుకుని, గొంతు సవరించుకున్నాడు. మాస్టారి గొంతే తెచ్చుకున్నాడు, కోపం లేకుండా.

"సెలవిచ్చాన్రా. పద, ఇంటికి పోదాం."

బాబీ కదల్లేదు. ఈ సీనులో ఆ మాట లేదు. వాడి చూపు తండ్రి చొక్కా గుండీ మీద నిలిచింది. పెదవులు రెండుసార్లు కదిలాయి, మాట రాలేదు. మూడోసారి వచ్చింది. ఈసారి లీల గొంతు కాదు. తండ్రి బొంగురు గొంతు.

"సెలవిచ్చాన్రా" అన్నాడు. "పద, ఇంటికి పోదాం."

కారు ఫిల్మ్ నగర్ మెట్ట ఎక్కి ఇంటి గేటు ముందు ఆగేదాకా ఆ మాట అంటూనే ఉన్నాడు. అన్న ప్రతిసారీ శ్రీకృష్ణ స్టీరింగు పట్టుకుని ఏడుస్తూనే, "అలాగేరా, పోదాం" అని జవాబిచ్చాడు.