లోయ మలుపులో న్యూట్రల్

పెద్దాయన బల్ల మీద గుడ్డ మూట విప్పాడు. అందులో మసిబారిన పళ్ళచక్రం ఒకటి ఉంది.

"ఇది చూస్తే నీకేం తెలుస్తోంది?"

ఎదురుగా కూర్చున్నతను వెంటనే ముట్టుకోలేదు. డిపార్ట్‌మెంట్‌లో అతని కోడ్ నేమ్ ఉడుము. ఒకసారి పట్టుకుంటే వదలడని ఆ పేరు పెట్టారు. గూఢచారి కాకముందు మిలిటరీ వర్క్‌షాప్‌లో మెకానిక్. ఆ పని నేర్పింది అక్క మొగుడు. ఆ బావే కిందటి నెల రాడార్ మోసుకెళ్తున్న ట్రక్కు తోలుతూ, దానితో సహా లోయలో పడి పోయాడు. డ్రైవర్ నిద్రపోయాడని విచారణలో తేల్చి చేతులు దులుపుకున్నారు.

"మా బావ బండిదా సార్?"

"అవును. ట్రాన్స్‌ఫర్ కేసులోది."

ఇంజిన్ బలాన్ని ముందు చక్రాలకీ వెనక చక్రాలకీ పంచే ఇనప పెట్టె అది. ఉడుము చక్రాన్ని కిటికీ వెలుతురులో తిప్పి, పళ్ళ అంచుల మీద గోరు పెట్టి గీశాడు.

"ఒక్క పన్నూ విరగలేదు. గేర్‌లో ఉండి అంత ఎత్తునుంచి పడితే నుగ్గయిపోవాలి. బండి పడేటప్పటికి ఇది న్యూట్రల్‌లో ఉంది. ఘాట్ దిగుతూ దీన్ని న్యూట్రల్ చేసే డ్రైవర్ ఉండడు సార్. లో గేర్ పట్టు పోతే అంత బరువుని బ్రేకులొక్కటే ఆపలేవు."

"అంటే ఎవరో చేశారు."

"చంపారు," అన్నాడు ఉడుము.

పెద్దాయన కుర్చీలో వెనక్కి వాలాడు. "రెండో రాడార్ ఎల్లుండి పొద్దున బయల్దేరుతుంది. అదీ పోతే ఈ చలికాలమంతా కనుమలో మనం గుడ్డివాళ్ళమే. అవతలి దేశం ముఠా ఆ వర్క్‌షాప్‌లో చెయ్యి పెట్టింది. మనకక్కడ ఒక మనిషి ఉంది. స్పేర్ పార్టుల కంపెనీ ప్రతినిధి. ముఠా ఆమె తమ ఏజెంటనుకుంటోంది, నిజానికి మనకి పనిచేస్తోంది. నిన్ను పంపాలని లేదు. పగ పట్టినవాడికి కళ్ళు కనపడవు."

"నాకు కళ్ళతో పనిలేదు సార్. గేర్ బాక్సు సంగతి చెవులతో తెలుస్తుంది."

ఆ రోజే వర్క్‌షాప్‌లో కొత్త ఫిట్టర్‌గా చేరాడు. మీసం తీసేసి, భుజం ఒక పక్కకి వంచి నడిచాడు. చెవిలో పెట్టుకునే చిన్న మైకు గొట్టం ఒకటి డిపార్ట్‌మెంట్ ఇచ్చింది. ఇనుముకి ఆనిస్తే లోపలి చప్పుడంతా వినిపిస్తుంది.

ఆ మధ్యాహ్నం జీపు దిగి వచ్చిందామె. నల్లకళ్ళద్దాలు, ఎర్ర స్కార్ఫు, గ్రీజు వాసనని కూడా తరిమేసే అత్తరు. షెడ్డులో అందరూ ఆమెని సెంటు మేడమ్ అంటారు.

"ఆయిల్ ఏ రంగులో ఉంది?" అంది అతని పక్కన ఆగి.

"తేనె రంగులో. ఇంకా పాడవలేదు."

కోడ్ సరిపోయింది. ఆమె గొంతు తగ్గించింది. "ముఠావాళ్ళు పాత షిఫ్ట్ మోటార్లలో ఏదో చేశారు. గేర్ మార్చే మోటారు అదే కదా. రాడార్ ట్రక్కులో ఫోర్ వీల్ గేర్ పడిందని చూపే లైటు ఆగి ఆగి వెలుగుతోంది, చూడు. రేపటికల్లా కొత్త మోటారు వేయించు. స్టాకు నేనే తెచ్చాను."

"మీరు లేకపోతే ఏమైపోయేవాళ్ళమో మేడమ్," అన్నాడు వినయంగా.

ఆమె చెప్పింది నిజమే. రాడార్ ట్రక్కులో లైటు మిణుకుమంటోంది. లో గేర్‌లోకి ఒక్కోసారి పడుతోంది, ఒక్కోసారి మొండికేస్తోంది. ఉడుము బండి కింద దూరాడు. ముందు ఆయిల్ చూశాడు, శుభ్రంగా ఉంది, ఇనప రజను లేదు. మైకు ఆనించి సహాయకుడి చేత ఇంజిన్ తిప్పించాడు. గొలుసు సాగలేదు, బేరింగ్ మూలగడం లేదు. పెట్టె నిక్షేపంగా ఉంది. మోటారు విప్పి నేరుగా బ్యాటరీ తీగ తగిలించాడు. గడియారంలా తిరిగింది.

మరి రోగం ఎక్కడ? మోటారుకి వచ్చే వైరు ప్లగ్గు విప్పాడు. లోపలి పిన్నుల మీద పచ్చటి చిలుము. మిగతా బండి అంతా పొడిగా ఉంటే అక్కడొక్కచోటే ఉప్పునీళ్ళు ఎలా చేరాయి? ఎవరో పోశారు. రోగం లేని బండికి రోగం అంటగట్టారు.

ఎందుకని కాసేపు అలాగే పడుకుని ఆలోచించాడు. జవాబు తట్టింది. మందు తాగించాలంటే ముందు జబ్బు చెయ్యాలి. పాత మోటార్లలో ఏ దోషమూ లేదు. విషం కొత్త మోటార్లలోనే ఉంది. పడిపోయేముందు బావ బండికి కూడా కొత్త మోటారు వేశారని స్టోర్ కీపర్ మాటల్లో వినే ఉన్నాడు.

ప్లగ్గు తుడిచి పాత మోటారే బిగించాడు. మర్నాడు సాయంత్రం సెలవడిగి, పెద్దాయనకి కబురు పెట్టడానికి ఊళ్ళోకి వెళ్ళాడు. చేసిన పొరపాటు అదొక్కటే.

బయల్దేరే రోజు పొద్దుటికీ పెద్దాయన జవాబు రాలేదు. షెడ్డుకొచ్చేసరికి రాడార్ ట్రక్కు లేదు. ముందే పంపేశారు. అతని బల్ల కింద పాత మోటారు పడి ఉంది.

"మేడమ్ దగ్గరుండి మార్పించింది," అన్నాడు హెడ్ మెకానిక్. "నువ్వు మర్చిపోయావట కదా."

ఉడుము స్టాకులో మిగిలిన కొత్త మోటారు ఒకటి తీసి మూత ఊడగొట్టాడు. పళ్ళ పక్కన గోరంత సర్క్యూట్, దానికి వెంట్రుకంత ఏంటెనా. దూరంనుంచి ఎవరైనా మీట నొక్కితే చాలు, గేర్ న్యూట్రల్‌లోకి పడిపోతుంది. గేటు దగ్గర సెంటు మేడమ్ తన జీపులో కూర్చుని పెదాలకి రంగు వేసుకుంటోంది.

డ్రైవర్ వైపు తలుపు తీసి ఆమెని పక్క సీట్లోకి నెట్టాడు. "కాస్త జరగండి మేడమ్. బండి నేను తోలతాను."

ఆమె చెయ్యి హ్యాండ్‌బ్యాగులోకి వెళ్ళింది. అతను ఆ బ్యాగుని కిటికీలోంచి విసిరేశాడు. చిన్న పిస్తోలు రోడ్డు మీద పడిన చప్పుడు వెనక్కి పోయింది.

ఘాట్ దిగడం మొదలైన చోట, కాపలా బండ్ల ముందు రాడార్ ట్రక్కు కనబడింది. లో గేర్‌లో మూలుగుతూ, బ్రేకుల దగ్గర పొగ కక్కుతూ దిగుతోంది. ఎవరికోసమూ ఆపొద్దని డ్రైవర్‌కి ఆర్డరు. ఉడుము హారన్ కొట్టి పక్కనుంచి దూసుకెళ్ళి జీపుని సరిగ్గా దాని ముందుకు తెచ్చాడు. అదే వేగంలో, బంపర్‌కి బారెడు దూరంలో నడిపాడు.

ఆమె వెనక్కి తిరిగి చూసింది. అద్దం నిండా ట్రక్కు ముక్కే.

"నీకు పిచ్చా?"

"ఉంది. లో గేర్ ఊడితే ముందు నలిగేది మనమే. మీట పట్టుకున్న మీ వాడు ఎక్కడ?"

ఆమె నవ్వడానికి ప్రయత్నించింది. "పెద్దాయన నన్ను నమ్ముతాడు. నిన్ను నమ్మడు."

"కాదనను. మలుపు వచ్చేస్తోంది. మా బావ పడ్డ చోటు మీకు బాగా గుర్తుండాలే."

డాష్‌బోర్డు మీద కాన్వాయ్ రేడియో ఉంది. మన మనిషని పెద్దాయనే ఇప్పించాడు. ఆ ఫ్రీక్వెన్సీని ఆమె ముఠాకి అమ్మేసే ఉంటుంది. డ్రైవర్‌కి ఒక్క హెచ్చరిక వినిపించినా కొండమీద కూర్చున్నవాడు వెంటనే మీట నొక్కేస్తాడు. నోరు విప్పాల్సింది ఆమే. అతను రేడియో మైకు ఆమె ఒళ్ళో పడేశాడు.

మలుపు ముందరి బండరాయి మీద ఏదో తళుక్కుమంది. ఏంటెనా. దాని పక్కన ఒక మనిషి లేచి నిలబడ్డాడు. ఉడుము వేగం ఇంకాస్త తగ్గించాడు. ట్రక్కు బంపర్ జీపు వెనక రేకుని ముద్దు పెట్టుకుంది. ఆమె మెడ వెనక్కి విరిగినట్టయింది. బండ మీది మనిషి మీట ఉన్న చెయ్యి పైకెత్తాడు.

"కిటికీ మూసెయ్," అని అరిచింది మైకులోకి. "చలి ఎక్కువైంది. కిటికీ మూసెయ్."

ఎత్తిన చెయ్యి అలాగే ఆగింది. తర్వాత మెల్లగా దిగింది. ట్రక్కు లో గేర్‌లోనే మూలుగుతూ మలుపు దాటి, సమతలంగా ఉన్న చోట ఆగింది. ఉడుము గుర్తింపు బిళ్ళ చూపించగానే కాపలా సైనికులు బండ వైపు పరిగెత్తారు. కొండమీదివాణ్ణి జుట్టు పట్టుకుని ఈడ్చుకొచ్చారు.

అప్పటికి కోపం తీరాల్సింది. తీరలేదు. ఉడుము మళ్ళీ జీపెక్కి, ఆమెతో సహా మలుపుకి తిప్పుకొచ్చాడు. ముక్కు లోయ వైపు పెట్టి ఆపాడు. తన పక్క తలుపు తీసి ఒక కాలు నేల మీద పెట్టాడు. రెండో కాలు బ్రేకు మీదుంది. ట్రాన్స్‌ఫర్ కేసు లీవర్‌ని మధ్యకి లాగాడు.

"న్యూట్రల్. ఇంజిన్ పట్టు లేదు. నా కాలికి తిమ్మిరెక్కుతోంది. మా బావ సంగతి చెప్పు."

"నేను కాదు..."

జీపు జానెడు ముందుకి జారి ఆగింది. రాళ్ళు లోయలోకి దొర్లాయి. అవి అడుగు చేరిన చప్పుడు వినబడలేదు.

ఆమె చెప్పింది. ఉప్పునీళ్ళు పోసిందెవరో, మోటారు ఎవరిచ్చారో, మీట నొక్కమని ఏ మాటతో చెప్పిందో మొత్తం. డ్రైవర్ మేలుకునే ఉన్నాడనీ, చివరిదాకా స్టీరింగుతో పెనుగులాడాడనీ, తాను ఇక్కడినుంచే చూశాననీ చెప్పింది. ఉడుము వేలు మైకు బటన్ మీదే ఉంది. కాన్వాయ్‌లో ప్రతి డ్రైవరూ విన్నాడు.

"దిగు," అన్నాడు.

ఆమె దిగింది. అతను బ్రేకు వదిలి బయటికి దూకాడు. జీపు తొందరేం లేనట్టు కదిలి, అంచు దాటి, ఒక్కసారిగా మాయమైంది. ఆమె మొహం తిప్పుకోబోయింది. అతను గడ్డం పట్టుకుని లోయ వైపే తిప్పాడు.

"చూడు. అలా పోయాడు."

సాయంత్రం అక్కకి ఫోన్ చేశాడు.

"అది చచ్చిందా?" అంది అక్క.

"లేదు."

"ఎందుకు వదిలావురా?"

"ఒప్పుకుందక్కా. బావ నిద్రపోలేదని దాని నోటితోనే చెప్పింది. అందరూ విన్నారు."

"నేను వినలేదుగా," అంది అక్క. "నా ఎదురుగా చెప్పించు."

"కోర్టులో చెప్పిస్తా. ముందు బెంచీలో కూర్చో."

మర్నాడు పెద్దాయన రిపోర్టు చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఆమెని నమ్మినందుకు క్షమాపణ అడుగుతాడేమోనని ఉడుము ఎదురుచూశాడు.

"ఆ జీపు డిపార్ట్‌మెంటు సొమ్ము, తెలుసా? ఆవిడకి నేనే ఇప్పించాను."

"తెలియదు సార్. మంచి బండి. న్యూట్రల్‌లోకి వెన్నలా పడింది."

"అమ్మకానికి పెడదామనుకున్నానయ్యా."

"పెట్టండి సార్," అన్నాడు ఉడుము లేస్తూ. "కొనేవాడు లోయలోకి దిగి చూసుకోవాలి, అంతే."